దోర్నకల్ రాయబారి: బిషప్ అజరయ్య గారి జీవితము

చదువవలసిన వాక్యభాగములు: 2 కొరింథీయులకు 5:18–20, ఎఫెసీయులకు 2:13–22



సికిందరాబాదులో రైలెక్కి, మౌలాలి దాటి, కాజీపేట మీదుగా బెజవాడకు పోవువారందరు దోర్నకల్ జంక్షనును ఎరుగుదురు. కొత్తగూడెము వైపునకు పోవు మార్గము అక్కడనే చీలును. లాలాపేటలో కాపురముండు మాకు రైళ్ల కూత రాత్రింబగళ్లు వినబడుచుండును గనుక, దోర్నకల్ అనగానే మొదట రైలే జ్ఞాపకమునకు వచ్చును. కాని ఆ జంక్షను పేరు సముద్రముల ఆవలనున్న దేశములకు చేరినది రైలు వలన కాదు, ఒక మనుష్యుని వలన. ఆయన వేదనాయగం సామ్యూల్ అజరయ్య గారు. మన దేశస్థులలో ఆంగ్లికను సంఘమునకు బిషప్పుగా అభిషేకింపబడిన మొదటివారు ఆయనే.

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు క్రీస్తు సేవకులను రాయబారులతో పోల్చెను. రాయబారము అనగా ఏమో మన పల్లెలవారికి వేరుగా చెప్పనక్కర లేదు. ఆ పేరుతో నాటకమాడని ఊరు తెలుగు దేశములో అరుదు. రెండు పక్షముల నడుమ నిలుచువాడు రాయబారి. ఇరుపక్షములవారును అతని అనుమానింతురు. పంపినవారికి అతడు దూరమగును, చేరినచోట పరాయివాడగును. అజరయ్య గారి డెబ్బది ఏండ్ల జీవితము యావత్తు ఇట్టి నడిమి స్థానములోనే గడచెను.

ఆయన 1874వ సంవత్సరము ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలో వెల్లాళన్‌విళై అను చిన్న గ్రామములో జన్మించిరి. తండ్రి తామస్ వేదనాయగం గారు ఆ గ్రామ సంఘమునకు గురువు. తల్లి ఎల్లెనమ్మ గారు. వారు నాడారు కులమునుండి వచ్చినవారు. ఆ కాలమున ఆ కులమువారిని పై కులములవారు హీనముగా చూచుచుండిరి. ఒక కుమార్తె పుట్టిన తరువాత చాల ఏండ్లు కనిపెట్టి ప్రార్థించగా కలిగిన కుమారుడు గనుక హన్నా కుమారుని పేరే పెట్టిరి. బాలునికి పదునైదేండ్లు వచ్చునప్పటికి తండ్రి ప్రభువునందు నిద్రించెను. తల్లియే పెంచెను.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితశాస్త్రము చదివిరి కాని పట్టము పుచ్చుకొనకయే బయటికి వచ్చిరి. 1895లో వై.ఎం.సి.ఏ. అను యువజన క్రైస్తవ సంఘములో కార్యదర్శిగా చేరి, పదునాలుగు ఏండ్లు దక్షిణ దేశమంతట తిరుగుచు యువకులకు బోధించిరి. అక్కడనే షెర్వుడ్ ఎడ్డీ అను అమెరికా దేశస్థునితో స్నేహము కలిగెను. ఆ స్నేహము యజమానికి పనివానికి నడుమ నుండునది కాదు, అన్నదమ్ముల వంటిది. దొరలు, దేశీయులు వేరువేరు బల్లలయొద్ద భోజనము చేయుచుండిన దినములలో ఇది మిక్కిలి అరుదైన సంగతి. దీనిని జ్ఞాపకముంచుకొనవలెను, ముందు దీనితో పని యున్నది. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని ఆడంబరము లేకుండ వివాహము చేసికొనిరి.

1902లో ఆయన సింహళ ద్వీపములోని జాఫ్నాకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవ యువకులు తమ సొంత డబ్బుతో, తమలోనివారినే, ఇతర ప్రాంతములకు సువార్తికులుగా పంపుచుండుట చూచిరి. అది ఆయన మనస్సును గ్రుచ్చెను. తిరునెల్వేలి సంఘము నూరేండ్లు దాటిన సంఘము. ఎందరో దొరలు వచ్చి అక్కడ కష్టపడిరి. అయితే ఆ సంఘము తన పొలిమేర దాటి ఎవరిని పంపినది? తిరిగి వచ్చి స్నేహితులను కూర్చుకొని 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియను మిషనరీ సొసైటీని స్థాపించిరి. దాని ధనము దేశీయులది, మనుష్యులు దేశీయులు, యాజమాన్యమును దేశీయులదే. సువార్త చేరని చోటు కొరకు వెదకి నైజాము రాజ్యములోని మానుకోట, దోర్నకల్ ప్రాంతమును ఏర్పరచుకొనిరి. 1904లో మొదటి సువార్తికుడు అక్కడికి పోయెను. 1905 క్రిస్మసు దినమున బెంగాలులోని సేరంపూరులో, విలియం కేరీ గ్రంథాలయములో, సర్వదేశమునకు చెందిన నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడును దాని కార్యదర్శులలో ఆయన యుండిరి.

ఇతరులను పంపుట సులభము. ఆయన అంతటితో ఊరకుండలేదు. 1909లో, ముప్పది అయిదేండ్ల ప్రాయమున, వై.ఎం.సి.ఏ. ఉద్యోగము విడిచి, గురువుగా అభిషేకము పొంది, తామే దోర్నకల్ చేరిరి. మొదట నివాసము గుడారములో. చుట్టును అడవి, జ్వరము. ప్రజల భాష తెలుగు. సర్కారు భాష ఉర్దూ. ఆయన మాతృభాష తమిళము. తమిళ లిపిలో లేని వత్తక్షరములన్నియు తెలుగులో ఉన్నవి. కూలి చేయు మాలలు, మాదిగలు వినవలెనన్న వారి మాటలలోనే చెప్పవలెను. ఆయన వారి భాష నేర్చుకొని, తుదివరకు ఆ భాషలోనే బోధించిరి.

రాయబారి ఏ వేషముతో రావలెను? ఈ ప్రశ్న సంఘ చరిత్రలో పాతది. జర్మనీ దేశములో బాంబెర్గు పట్టణమునకు ఓట్టో అను బిషప్పు గారుండిరి. ఆయన 1139లో చనిపోయిరి. చక్రవర్తికి, పోపునకు నడుమ తగవులు తీర్చుటలో పేరుపొందిన రాజనీతిజ్ఞుడు. బాల్టికు సముద్రతీరమున పొమెరేనియా ప్రజలయొద్దకు ఆయనకంటె ముందు ఒక బీద సన్యాసి వట్టి కాళ్లతో పోగా, లోకమునకు ప్రభువైన దేవుడు ఇట్టి బిచ్చగానిని పంపునా అని వారు ఎగతాళి చేసి వెళ్లగొట్టిరి. కనుక ఓట్టో గారు 1124లో పరివారముతో, కానుకలతో, విలువగల వస్త్రములతో పోయిరి. ప్రజలు వినిరి, వేలమంది బాప్తిస్మము పొందిరి. ఆయనను మనము తప్పు పట్టనక్కర లేదు. ఆ ప్రజలకు ఆ వేషము అవసరమైనది. అయితే మన తెలంగాణములో సంగతి తలక్రిందులు. దేశముఖులు, దొరలు, అమీనులు, అందరును పరివారముతోనే మాలపల్లెకు వచ్చుచుండిరి. వారు వచ్చినది వెట్టికో, పన్నుకో. ఎడ్లబండి దిగి, పల్లెలో నేలమీద కూర్చుండి, పిల్లవానికి జ్వరమెట్లున్నదని అడుగు పెద్దమనిషిని ఆ ప్రజలు ఎన్నడు చూచియుండలేదు.

1910 జూనులో స్కాట్లండు దేశములోని ఎడింబరో పట్టణమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. సుమారు 1200 మంది ప్రతినిధులు కూడిరి. వారిలో ఆసియా ఖండపు వారు ఇరువదిమందికి లోపే. అజరయ్య గారికి ఇచ్చిన విషయము మిషనరీలకును దేశీయ సేవకులకును ఉండవలసిన సంబంధము. ఆయనను పంపినవారు మిషనరీలు, దారి ఖర్చు వారిది, ఎదుట కూర్చున్నవారు వారే. వందనములు చెప్పి, రెండు మంచి మాటలాడి కూర్చుండిన యెడల అందరు సంతోషించియుందురు.

ఆయన ఉన్నది ఉన్నట్లు చెప్పిరి. మిషనరీలు మా కొరకు ధనము వెచ్చించిరి, ప్రాణములు పెట్టిరి, దానికి మా సంఘము తరతరములు కృతజ్ఞత కలిగియుండును అని ఒప్పుకొనిరి. అయితే ఏండ్ల తరబడి కలిసి పనిచేసినను ఒకరి ఇంట ఒకరు భోజనము చేయని సంగతి, దేశీయ గురువు దొర ఇంటి వరండాలో నిలువబడవలసిన సంగతి, జీతమిచ్చువారు పుచ్చుకొనువారు అను లెక్కయే గాని సహోదరత్వము కానరాని సంగతి దాచలేదు. చివరకు, ప్రేమను గూర్చి పౌలు వ్రాసిన అధ్యాయమును తలపునకు తెచ్చి, మాకు మీ ధర్మము చాలును, స్నేహితులను దయచేయుడని వేడుకొనిరి. సభలో కొందరు మెచ్చిరి, కొందరు కోపగించిరి. ఇంతమంది దొరలయెదుట ఒక నల్లవాడు ఇట్లు పలుకునా అని గొణిగినవారును ఉండిరి. ఆయనకు దొరలమీద ద్వేషము ఉన్నదని ఎవరైనను అనుకొనిన యెడల అది పొరపాటు. స్నేహము ఎట్లుండునో ఎడ్డీ గారి వలన రుచి చూచినవాడు గనుకనే అది లేని చోట ఆకలి అని చెప్పగలిగిరి.

రెండేండ్లకు మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారు పట్టుబట్టి ఆయనను బిషప్పు పదవికి ఎన్నిక చేయించిరి. అభ్యంతరములు రెండు వైపుల నుండి వచ్చెను. దేశీయుని చేతిక్రింద మేమెట్లు పనిచేయుదుమని కొందరు మిషనరీలు వాదించిరి. నాడారు కులస్థుడు బిషప్పు కాతగునా అని మన దేశీయ క్రైస్తవులలోనే కొందరు అడిగిరి. దొరల తిరస్కారముకంటె ఈ రెండవదియే ఎక్కువ బాధాకరమని నాకు తోచును. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని పరిశుద్ధ పౌలు దేవాలయములో ఆయన అభిషేకము జరిగెను. తగవు రాకుండ మొదట ఆయనకిచ్చిన డయోసీసు చాల చిన్నది. 1920 తరువాత కృష్ణా సీమ మొదలు నంద్యాల వరకు ఆంగ్లికను మిషనుల తెలుగు సంఘములు అందులో చేర్చబడెను. అప్పుడు ఇంగ్లీషు మిషనరీలును ఆయన అధికారము క్రిందికి వచ్చిరి. పట్టము లేక కళాశాల విడిచిన ఆయనకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవముగా డాక్టరు బిరుదమిచ్చెను.

ఇక పల్లెల సంగతి. మనకు తెలిసినదే అయినను కొంచెము నిలిచి చెప్పవలెను. మాలలు ముందుగా సువార్త నంగీకరించిన ఊరిలో మాదిగలు ఆ గుడికి రామనిరి. మాదిగలు ముందు వచ్చిన చోట మాలలు మొగము త్రిప్పుకొనిరి. పై కులములవారు ఇద్దరిని ఒకే దూరమున ఉంచగా, ఈ ఇద్దరు తమలో తాము మరియొక గోడ కట్టుకొనిరి. రెండు గుడులు కట్టి, ఇద్దరు ఉపదేశులను పెట్టిన యెడల తగవు ఉండదు, లెక్కలో క్రైస్తవుల సంఖ్యయు పెరుగును. అజరయ్య గారు దానికి ఒప్పుకొనలేదు. ప్రభువు బల్ల ఒకటే, పాత్ర ఒకటే. దాని కొరకు ఆలస్యమైనను సరే అనిరి. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో చెప్పబడిన మధ్యగోడ యూదులకు అన్యజనులకు నడుమ మాత్రమే ఉండినదా, లేక మన చెరువుగట్టుకు ఇటును అటును ఉన్నదా?

మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములు పల్లెను పీడించుచున్నవని ఆయన తరచు బోధించుచుండిరి. బాప్తిస్మము పొందినవాడు ఆ నాలుగింటితోను పోరాడవలెను. పరస్పర సహాయ సంఘములు, వైద్యశాలలు, చేతిపనుల బడి, అచ్చుకూటము, ఉపదేశులకు బైబిలు పాఠశాల క్రమముగా ఏర్పడెను. అన్బు అమ్మగారు ఉపదేశుల భార్యలకు చదువు, శుభ్రత, శిశుపోషణ నేర్పించిరి. ఉపదేశి భార్య చదువుకొన్న ఊరిలో ఆడపిల్లలు బడికి వచ్చుట మనలో పెద్దలు ఎరుగుదురు. బాప్తిస్మము పొందినవారి చేతులను వారి తలలమీదనే పెట్టించి, సువార్త ప్రకటింపని యెడల తమకు శ్రమయని వారి నోటనే చెప్పించు అలవాటు ఆయనకుండెను. చదువురాని ముసలమ్మయు సువార్తికురాలే యని ఆయన నమ్మకము. కోలాటము, భజన, పంట పండుగ, ఇవన్నియు మన పల్లెలవి గనుక విడిచిపెట్టనక్కర లేదనిరి. అన్నము వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము ప్రభువు కొరకు వేరుగా తీసిపెట్టుట, తొలి పంట, కోడి, గ్రుడ్లు గుడికి తెచ్చుట, ఇట్టి కానుకలతో సంఘములు తమ ఖర్చు తామే భరింపవలెనని నేర్పిరి. క్రైస్తవుల కానుకను గూర్చి ఆయన వ్రాసిన చిన్న గ్రంథము అనేక భాషలలోనికి పోయెను. ఆయన కాలము ముగియునప్పటికి డయోసీసులోని క్రైస్తవులు రెండు లక్షలకు మించిరి.

దోర్నకల్ దేవాలయము కట్టుటకు సుమారు పాతిక ఏండ్లు పట్టెను. డబ్బు లేక పని ఆగుచు సాగుచు వచ్చెను. చూచినవారికి దాని రూపు తెలియును. గోపురములు మసీదును జ్ఞాపకము చేయును, స్తంభములు మన ప్రాతకాలపు దేవాలయముల పోలిక గలవి, లోపల సిలువ. నైజాము రాజ్యములో హిందువులు, మహమ్మదీయులు చూచి, ఇది పరదేశపు ఇల్లు అని అనుకొనకూడదని ఆయన ఉద్దేశము. తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన ప్రభువును చూడ వచ్చిన పండుగ పేరు దానికి పెట్టి, ఆ పండుగ నాడే, 1939 జనవరి 6న, ప్రతిష్ఠ చేసిరి.

దేశ రాజకీయములలోను ఆయన నడుమ నిలువవలసి వచ్చెను. 1932లో ఇంగ్లీషు ప్రభుత్వము క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చినప్పుడు, అది లాభముగదా అని పలువురు సంతోషించిరి. అజరయ్య గారు వ్యతిరేకించిరి. సంఘము ఒక కులమువలె ఓట్ల లెక్కలో కూర్చుండిన యెడల పొరుగువారికి సువార్త చెప్పు నోరు మూతపడునని ఆయన తలంచిరి. అట్లని కాంగ్రెసు పెద్దలు ఆయనను తమవానిగా ఎంచలేదు. గాంధీ మహాత్ముడు హరిజనులు గుంపులుగా మతము మారుటను ఒప్పుకొనలేదు. వారు తెలియక మారుచున్నారని ఆయన అభిప్రాయము. అజరయ్య గారు మహాత్ముని గౌరవించుచునే దానిని కాదనిరి. మాలవానికి, మాదిగవానికి తన ఆత్మను గూర్చి ఆలోచించుకొను బుద్ధి కలదని, ఆ హక్కును ఎవరును తీసివేయరాదని ఆయన వాదము. కొందరికి ఆయన ఇంగ్లీషువారి పక్షము. మరికొందరికి కాంగ్రెసు పక్షము.

అన్నింటికంటె దీర్ఘమైన రాయబారము సంఘైక్యత కొరకైనది. మన పల్లెలకు ఇది పుస్తకములోని మాట కాదు. దోర్నకల్ వైపు ఆంగ్లికను సంఘము; మెదకు వైపు వెస్లియను సంఘము; మరియొక వైపు లండను మిషను. ఎవరి మిషను హద్దులు వారివి. ఒక సంఘపు పిల్లను మరియొక సంఘపు ఊరికి ఇచ్చి పెండ్లిచేసిన యెడల, అక్కడ ఆమెకు ప్రభు సంస్కారమియ్య వచ్చునా లేదా అను సందేహము గురువులకు కలుగుచుండెను. ఈ తేడాలు మన తాతలు పెట్టుకొన్నవి కావు. ఇంగ్లండులో ఎప్పుడో జరిగిన తగవుల పాలు మన వాటాకు వచ్చెను. కులము విడిచి వచ్చినవానికి ఆంగ్లికను, వెస్లియను అని మరి రెండు కులముల పేర్లు ఇచ్చినట్లాయెను.

1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పది ముగ్గురు సేవకులు కూడుకొనిరి. ఇద్దరు తప్ప అందరు దేశీయులే. జర్మను దేశస్థుడైన జీగెన్‌బాల్గు 1706లో ఓడ దిగినది ఆ ఊరిలోనే. మాకు సంబంధము లేని విభాగములతో మేము విడిపోయియున్నాము, ఒకటి కావలెను అని వారు ప్రకటించిరి. ఆ కూటమునకు ముందు నిలిచినవారిలో అజరయ్య గారొకరు. మరుసటి సంవత్సరము మొదలుకొని సంయుక్త సంఘము కూర్చుండెను. చిక్కు ఇది: ఆంగ్లికనువారు బిషప్పు చేతులుంచనిదే గురుత్వము పూర్ణము కాదనిరి, తక్కినవారు మా గురువులను మరల అభిషేకించుట వారి ఇంతకాలపు సేవను కొట్టివేయుటయే యనిరి. ఇరువురి మాటలోను బలమున్నది. చివరకు కుదిరిన ఏర్పాటు ఏమనగా, ఉన్న గురువులందరిని ఉన్నట్లే అంగీకరించుట, ఐక్యత తరువాత జరుగు అభిషేకములన్నియు బిషప్పుల చేత జరుగుట. నాలుగు పంక్తులలో చెప్పిన ఈ మాటకు ఇరువది ఏండ్లు దాటెను.

ఆయన బిషప్పు పదవిని దేవుని వరముగా నమ్మినవాడు. కనుక ఇతర సంఘములవారు ఆయనను చూచి జంకిరి. ఇంగ్లండులోని ఆయన సొంత సంఘములో ఒక వర్గమువారు ఆయన పూర్వుల స్వాస్థ్యమును అమ్మివేయుచున్నాడని నిందించిరి. 1927లో స్విట్జర్లండులోని లోజాను మహాసభలో, పడమటి దేశములలో విభేదములు బలహీనత కావచ్చును గాని సువార్త ఇంకను వినని జనుల మధ్య అవి పాపమే యని విన్నవించిరి. తరువాతను ప్రయాణములు, ఉత్తరములు, కూటములు. నడుమ ఎడ్లబండి మీద పల్లెలలో బాప్తిస్మములు. 1929 నుండి దేశ క్రైస్తవ మహాసభకు అధ్యక్షులుగా ఉన్నను, ఆయన ఇల్లు దోర్నకల్‌లోనే.

1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. ఆంగ్లికను మహాసభ ఐక్యతకు తుది సమ్మతి ఇచ్చినది ఆ నెలలోనే. ఆ సంగతి ఆయన వినలేదు. ఆయన తరువాత దోర్నకల్ బిషప్పు అయిన ఎలియట్ గారు ఇంగ్లీషువారు. అంతకుముందు పదేండ్లు అజరయ్య గారి చేతిక్రింద సహాయ బిషప్పుగా పనిచేసినవారు. దేశీయుని చేతిక్రింద ఇంగ్లీషువారు పనిచేయరని 1912లో వాదించినవారికి ఇదియే జవాబు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులోని పరిశుద్ధ జార్జి దేవాలయములో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియనులు, కాంగ్రిగేషనలువారు ఒక్క సంఘమైరి. గుంటూరు వైపు లూథరను సంఘములు, బాప్తిస్టు సంఘములు అందులో చేరలేదు. అజరయ్య గారు స్వయముగా మేపిన డయోసీసులోనే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములు చాల వరకు ఆ దినమున వెలుపల నిలిచిపోయెను.

ఆయన సమాధి దోర్నకల్‌లో దేవాలయము చెంతనే యున్నది.